హాస్టల్ గదికి ఏం కొనాలి అంటే, ముందు గది చూడండి

మీ ప్రశ్న, దాని కింద పెట్టిన లిస్టు రెండూ చదివానండీ. అమ్మాయికి ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో ఇంటికి దూరంగా సీటు వచ్చింది, కాలేజీ హాస్టల్లో ముగ్గురికి ఒక గది, వచ్చే వారం చేర్చాలి, కెటిల్, వాటర్ హీటర్ రాడ్డు, ఎక్స్‌టెన్షన్ బాక్సు, ఆరంగుళాల ఫోమ్ పరుపు, గోడకి అతికించే ఎల్ఈడీ లైట్లు రాసుకున్నారు, చిన్న ఫ్రిజ్ కూడా కొనాలా, పై అంతస్తు అడగాలా కింద అంతస్తు అడగాలా అని కూడా అడిగారు. నేను ట్రిపుల్ ఈ, అంటే ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్, చెప్పే లెక్చరర్ని. దాంతోపాటు లేడీస్ హాస్టల్ వార్డెన్ పని కూడా చాలా ఏళ్లు నా నెత్తిన ఉంది. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

బకెట్టు, మగ్గు, రెండు దుప్పట్లు, మంచి తాళం కప్ప, ఇవి తప్ప ఇప్పుడు ఏమీ కొనకండి. చేర్చే రోజు పొద్దున్నే వెళ్లి, మిగతా పిల్లల సామాను రాకముందే ఖాళీ గది చూడండి. చూశాక అదే ఊళ్లో సాయంత్రం కొనుక్కోవచ్చు. కాలేజీ ఉన్న ప్రతి ఊళ్లోనూ పరుపులు, బకెట్లు అమ్మే కొట్లు గేటుకి కూతవేటు దూరంలోనే ఉంటాయి. ఇంటి దగ్గరే కొని కారు డిక్కీ నిండా తెచ్చిన సామానులో సగం దసరా సెలవులకి మళ్లీ అదే డిక్కీలో ఇంటికి వెళ్లడం ఏటా చూసేదాన్ని.

గదిలోకి వెళ్లగానే స్విచ్ బోర్డు దగ్గరకి వెళ్లండి. సాకెట్టు చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరిగినా, ఒక కన్నం పక్కన మాడిన మచ్చ ఉన్నా, పోయినేడు ఉన్న పిల్లలు దాంట్లో ఏదో పెద్ద లోడు పెట్టి వాడారని అర్థం. మీ ఫోన్ ఛార్జర్ పెట్టి చూడండి, బిగుతుగా పట్టుకోవాలి. దాని బరువుకే వేలాడుతుంటే లోపలి కాంటాక్టులు వదులైపోయినట్టే, ఆ వదులు దగ్గరే వేడి పుట్టి మంట దాకా పోతుంది. ఫోటో తీసి వార్డెన్‌కి చూపించి కంప్లైంట్ రిజిస్టరులో రాయించండి, "ఎలక్ట్రీషియన్ వస్తాడులెండి" అన్న మాట విని వచ్చేయకండి. తల్లిదండ్రులు ఎదురుగా నిలబడి అడిగిన పని ఆ వారంలోనే అవుతుంది, అదే పని నవంబరులో పిల్ల ఒక్కతే వెళ్లి అడిగితే ఎప్పటికవుతుందో నాకు తెలుసు, నేనూ ఆ కుర్చీలో కూర్చున్నదాన్నే.

ఇక రాడ్డు. ఇది మాత్రం అసలు కొనొద్దు, హాస్టల్ రూల్సులో ఎలాగూ నిషేధం, కానీ రూలు ఉంది కాబట్టి వద్దు అంటే పిల్లలు వినరు, లెక్క చెప్తే వింటారు. మామూలు రాడ్డు 1500 వాట్లు. మన కరెంటు 230 వోల్టులు. భాగిస్తే ఆరున్నర ఆంపియర్లు వస్తుంది. గదిలో ఫోన్లకీ లాప్‌టాప్‌లకీ ఇచ్చే చిన్న సాకెట్టు 6 ఆంపియర్లది, అంటే రాడ్డు పెట్టిన నిమిషం నుంచే అది తన పరిమితి దాటి పని చేస్తోంది. అందుకే పెద్ద లోడుకి వాడే మూడు పిన్నుల ప్లగ్గు లావుగా చేస్తారు, చిన్న సాకెట్టులో దూరకుండా. పిల్లలేం చేస్తారంటే కొట్లో దొరికే కన్వర్టర్ తెచ్చి తగిలిస్తారు. అదీ దొరక్కపోతే ప్లగ్గు కోసేసి, రెండు వైర్ల కొసలు ఒలిచి కన్నాల్లో దోపి, ఊడిపోకుండా అగ్గిపుల్లలు కుక్కుతారు. ఇంజనీరింగ్ చదివే పిల్లలండీ! ఇన్‌స్పెక్షన్‌లో ఆ అగ్గిపుల్లలు కనబడితే ఆ రోజు మెస్‌లో నాకు అన్నం సహించేది కాదు.

షాకు సంగతి ఇంకోటి. నీళ్లు వేడెక్కాయా లేదా అని స్విచ్ ఆపకుండా వేలు ముంచి చూడటం మన ఇళ్లల్లో కూడా అలవాటే. రాడ్డు పైపు ఎక్కడైనా చిల్లుపడి ఉంటే బకెట్టులో నీళ్లన్నిటికీ కరెంటు ఉంటుంది, ఇనప బకెట్టయితే ముట్టుకుంటేనే చాలు. "ఎంసీబీ ఉంది కదా మేడం, పడిపోతుంది కదా" అంటారు. ఎంసీబీ, అంటే లోడు ఎక్కువైతే తనంతట తనే పడిపోయే స్విచ్, వైరును కాపాడుతుంది, మనిషిని కాపాడదు. గుండె ఆగిపోవడానికి ఆంపియరులో పదో వంతు కూడా అక్కర్లేదు, అంత చిన్న కరెంటుకి 6 ఆంపియర్ల ఎంసీబీ కదలనైనా కదలదు. మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ, వెళ్లిన కరెంటుకీ తిరిగొచ్చిన కరెంటుకీ 30 మిల్లీ ఆంపియర్ల తేడా వచ్చిందంటే సెకనులో చిన్న భాగంలో ఆపేస్తుంది. మీ అమ్మాయి ఉండే అంతస్తుకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూషన్ బోర్డులో అది ఉందో లేదో అడగండి, గుర్తు పట్టడం తేలిక, దాని మీద 'టి' అని రాసిన చిన్న మీట ఉంటుంది. అది నొక్కితే టప్పున పడాలి. మీరు నొక్కొద్దు, ఎలక్ట్రీషియన్ చేత నొక్కించండి, లేకపోతే అంతస్తంతా ఫ్యాన్లు ఆగి మీ మీదికి వస్తారు.

వేడినీళ్లకి బాత్రూముల్లో గీజరో, డాబా మీద సోలారో ఉందా, ఏ టైములో వస్తాయి అని కనుక్కుంటే సరిపోతుంది. కెటిల్ కూడా 1500 వాట్లదాకా ఉంటుంది కాబట్టి ఇదే లెక్క. కొన్ని హాస్టళ్లలో కారిడార్లో పెద్ద సాకెట్టు పెట్టి అక్కడ వాడుకోనిస్తారు, అలా ఉంటే కొనండి. ఇస్త్రీ పెట్టె వెయ్యి వాట్లే, సాకెట్టు తట్టుకుంటుంది, కానీ మంచం మీద ఇస్త్రీ చేస్తూ ఫోన్ మాట్లాడి పరుపు కాల్చుకున్నవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. ఇస్త్రీ బండి వాడికి ఇస్తే సుఖం. ఫ్రిజ్ మాట మర్చిపోండి.

ఎక్స్‌టెన్షన్ బాక్సు మాత్రం కావాలి, ఎందుకంటే మంచం దగ్గర సాకెట్టు ఎప్పుడూ ఉండదు. అయితే ఫుట్‌పాత్ మీద నూట యాభైకి దొరికేది వద్దు. వాటి వైరు పైకి లావుగానే కనబడుతుంది, కోసి చూస్తే లోపల నాలుగు రాగి పోగులే ఉంటాయి. ఐఎస్ఐ గుర్తు ఉందా, వైరు మీద 1 చదరపు మిల్లీమీటరు అని గానీ అంతకన్నా ఎక్కువ గానీ అచ్చయి ఉందా, మూడో పిన్ను నిజంగా ఉందా చూసి తీసుకోండి. దాంట్లో లాప్‌టాప్, ఫోన్, టేబుల్ లైటు, అంతే. ఒక బాక్సులో ఇంకో బాక్సు తగిలించి ముగ్గురూ గొలుసు కట్టకూడదు, వైరు పరుపు కింద నుంచి తీసుకెళ్లకూడదు, మిగిలిన వైరు చుట్ట చుట్టి కట్టేయకూడదు, చుట్టలో వేడి బయటికి పోదు.

ఒక చిట్కా చెప్తాను. లాప్‌టాప్ పైభాగం లోహంతో చేసిందయితే, ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు దాని మీద చెయ్యి మెల్లగా రాసి చూడమనండి. సన్నగా జుమ్మని, గరుకుగా తగిలితే ఆ సాకెట్టుకి ఎర్తు లేదేమో అని అనుమానించాలి. ఛార్జర్‌కి రెండు పిన్నులే ఉంటే ఎర్తు ఉన్నా అలా అనిపించవచ్చు, మూడు పిన్నులుండి కూడా జుమ్మంటే మాత్రం కంప్లైంట్ రాయించాల్సిందే. పవర్ బ్యాంకు, ఛార్జర్ కొనేటప్పుడు బీఐఎస్ (ప్రభుత్వ ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరు, 'ఆర్' అక్షరంతో మొదలయ్యేది, ఉందా చూడండి. రాత్రి ఫోన్ దిండు కింద పెట్టి ఛార్జింగ్ చెయ్యడం మానిపించగలిగితే మీకు దండం పెడతాను. ఎలక్ట్రిక్ స్కూటర్ ఉన్న పిల్లలు బ్యాటరీ ఊడదీసి గదికి తెచ్చి ఛార్జింగ్ పెట్టే సరదా ఈమధ్య మొదలయ్యింది, రూమ్‌మేట్ అలా చేస్తే మొహమాటపడకుండా వార్డెన్‌కి చెప్పమనండి.

కరెంటు తర్వాత మెట్లు. మీ అమ్మాయి గది నుంచి బయటికి దారులెన్ని, రెండో మెట్ల దారి ఉంటే దాని గేటుకి రాత్రి తాళం వేస్తారా, వేస్తే తాళంచెవి ఎవరి దగ్గర, ఆ మనిషి రాత్రి ఎక్కడ పడుకుంటాడు? లేడీస్ హాస్టల్ అనగానే గ్రిల్లు, దాని మీద గ్రిల్లు, గేటుకి రెండు తాళాలు వేసి భద్రత అంటారు. దొంగని ఆపే ఆ తాళమే మంటలొచ్చినప్పుడు పిల్లల్ని ఆపుతుంది. తల్లిదండ్రులు ఈ మాట అడగడం నేను చాలా అరుదుగా విన్నాను, మెస్ మెనూ మాత్రం అందరూ అడుగుతారు. ఒకవేళ కాలేజీ హాస్టల్ వద్దనుకుని ప్రైవేటు హాస్టల్ చూస్తే ఇది ఇంకా ముఖ్యం, ఎందుకంటే అవి చాలా చోట్ల షాపుల మీదా గోడౌన్ల మీదా ఒకే మెట్ల దారితో ఉంటాయి. 2022 సెప్టెంబరులో సికింద్రాబాదులో ఒక భవనం కింది భాగంలోని ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మంటలు లేస్తే, పొగ మెట్ల దారిలోంచి పై లాడ్జిలోకి పోయి ఎనిమిది మంది చనిపోయారు. కింద ఏ వ్యాపారం ఉందో చూడకుండా పైన గది తీసుకోకండి. బాత్రూంలో గ్యాస్ గీజర్ ఉండి, గాలి పోయే కిటికీ లేకపోతే ఆ హాస్టల్ అసలే వద్దు, దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, స్పృహ తప్పేదాకా తెలియదు.

పరుపు దగ్గరికి వద్దాం. ఆరంగుళాల ఫోమ్ వద్దు. హాస్టల్ మంచాలు ఎక్కువగా ఆరడుగులకి మూడడుగులే గానీ అన్ని చోట్లా అదే కొలత ఉండదు, రెండంగుళాలు ఎక్కువైతే పరుపు నాలుగేళ్లూ ఒక పక్క వంగే ఉంటుంది. పైగా మన ఎండల్లో మందపాటి ఫోమ్ వీపు కింద వేడెక్కుతుంది. మూడు నాలుగంగుళాల పత్తి పరుపు గానీ కొబ్బరిపీచు పరుపు గానీ చాలు, ముఖ్యంగా పత్తిది డాబా మీద ఎండబెట్టుకోవచ్చు. బంకు మంచమయితే పైది తీసుకునే ముందు, లేచి కూర్చుని చెయ్యెత్తితే ఫ్యాను రెక్క ఎంత దూరంలో ఉందో చూడండి. ఫ్యాను వేసి రెండు నిమిషాలు నిలబడండి. ఊగుతున్నా, టకటక శబ్దం వస్తున్నా పైన కడ్డీకి ఉండే బోల్టు, దాని పిన్ను సరిచూడమని చెప్పాలి.

నల్లుల గురించి ఎవరూ చెప్పరు, సిగ్గుగా ఉంటుంది కాబట్టి. హాస్టల్ జీవితంలో నిద్ర పాడుచేసేవాటిలో మొదటిది అదే. సామాను లోపల పెట్టకముందే ఫోన్ టార్చి వేసి మంచం మూలల్లో, ఇనప పట్టీలు కలిసేచోట, చెక్క పగుళ్లలో చూడండి. పెన్ను మొనతో పెట్టినట్టు నల్ల చుక్కలు గుంపులుగా ఉంటే అది వాటి రెట్ట. సన్నటి గోధుమ రంగు పొట్టులాంటివి ఉంటే విడిచిన చర్మాలు. "సెలవుల్లో గది ఖాళీగానే ఉంది కదా, చచ్చిపోయి ఉంటాయి" అంటారు, అవి తిండి లేకుండా నెలల తరబడి బతుకుతాయి. మంచం మార్పించండి, కుదరకపోతే బయటికి లాగించి సందుల్లో సలసల మరిగే నీళ్లు పోయించండి, ఒక్కసారితో పోవు, గుడ్లు పొదుగుతాయి కాబట్టి వారం పది రోజులకి మళ్లీ పోయించాలి. సీనియర్లు సగం ధరకి అమ్మే పాత పరుపు ఎంత బావున్నా తీసుకోవద్దు. ఇంకొక మాట, ఇది గట్టిగా చెప్తున్నాను: నల్లులు పోతాయని ధాన్యం నిల్వకి వాడే మాత్రలు, అల్యూమినియం ఫాస్ఫైడువి, గదిలో పెట్టమని ఎవరైనా సలహా ఇస్తే వినొద్దు. తేమ తగిలితే వాటి నుంచి వచ్చే ఫాస్ఫీన్ వాయువు మనుషుల్ని చంపుతుంది, పెట్టిన గదిలోనే కాదు, పక్క గదిలో నిద్రపోతున్నవాళ్లని కూడా.

దోమలకి తెర కొనండి, నాలుగు మూలలా కట్టే మామూలు తెర. మూసిన గదిలో రాత్రంతా కాయిల్ పొగ పీల్చడం మంచిది కాదు, పైగా ఆ కాయిల్ మంచం కిందకి చేరుతుంది, దుప్పటి అంచు దాని మీద పడుతుంది. డెంగీ దోమ పగలే కుడుతుంది, మంచినీళ్లలోనే పెరుగుతుంది. నీళ్లు ఎప్పుడొస్తాయో తెలియదని పిల్లలు బకెట్లు నింపి మూలన పెడతారు కదా, వాటికి మూత పెట్టి వారానికోసారి ఒంపి, గోడలు తోమి ఆరబెట్టాలి. కూలర్ ఉంటే దానిదీ అంతే. బట్టలు గదిలో ఆరేస్తే వానాకాలంలో గోడలకి బూజు, తుమ్ములు. కారిడార్లో దండెం ఎక్కడ కట్టొచ్చో చూడండి, ఫ్యాను కడ్డీకి కట్టడం మాత్రం వద్దు. గుంటూరు, విజయవాడ వైపు చాలా కాలేజీలు పొలాల మధ్యే ఉన్నాయి, తెలంగాణలోనూ ఊరి చివర్లే. బాత్రూం తూముకి జాలీ, తలుపు కింద సందు మూయడానికి ఒక రబ్బరు పట్టీ, బూట్లు దులిపి వేసుకునే అలవాటు, ఒక చిన్న టార్చి ఉంటే పాములూ తేళ్ల భయం చాలావరకు పోతుంది.

ఆవకాయ, కారప్పొడి, సున్నుండలు ఎలాగూ పంపుతారు, పంపండి, గట్టి మూతల డబ్బాల్లో. అట్టపెట్టెలో పెడితే మూడో రోజుకి చీమలు, వారానికి బొద్దింకలు.

తాళం కప్ప మంచిది కొని, ఒక తాళంచెవి ఇంట్లో పెట్టుకోండి. గదుల్లో పోయేది డబ్బు కన్నా ఫోన్లు, అదీ కిటికీ పక్కన ఛార్జింగ్ పెట్టి నిద్రపోతే గ్రిల్లులోంచి కర్రతో లాగేస్తారు. ఫోన్లో స్టార్ హ్యాష్ సున్నా ఆరు హ్యాష్ నొక్కితే వచ్చే ఐఎంఈఐ నంబరు, అంటే ఆ ఫోన్ గుర్తింపు నంబరు, మీ దగ్గర రాసుకోండి. పోతే పోలీసు కంప్లైంట్ ఇచ్చి, కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ పోర్టల్లో ఆ నంబరు బ్లాక్ చెయ్యొచ్చు.

గోడకి ఎల్ఈడీ లైట్ల సరదా ఉంటే వేసుకోనివ్వండి, కరెంటు పెద్దగా తీసుకోవు, తీసేటప్పుడు రంగు ఊడితే డిపాజిట్‌లో కోస్తారు అంతే. దానికన్నా మెడ వంచుకోగలిగే టేబుల్ లైటు ఎక్కువ అవసరం, ఎందుకంటే ముగ్గురి గదిలో జరిగే గొడవల్లో చాలామటుకు ట్యూబ్ లైటు గురించి, ఫ్యాను స్పీడు గురించి, పొద్దున్నే నాలుగింటికి మోగి ఎవరూ ఆపని అలారం గురించే. మొదటి వారంలో, ఇంకా అందరూ మర్యాదగా ఉన్నప్పుడే, లైటు ఎన్నింటికి ఆపాలి, రాత్రి ఫోన్ ఎక్కడ మాట్లాడాలి, ఊడ్చే వంతు ఎవరిది అన్నది కూర్చుని మాట్లాడుకోమనండి. గదులు మార్చమని నా దగ్గరకి ఏడుస్తూ వచ్చినవాళ్లలో ఈ ముక్క ముందే మాట్లాడుకున్నవాళ్లు దాదాపు లేరు.

అల్మరా తలుపు లోపలివైపు ఒక కాగితం అతికించండి: వార్డెన్ నంబరు, వాచ్‌మన్ నంబరు, దగ్గర్లోని ఆసుపత్రి, అత్యవసర నంబరు 112, యూజీసీ యాంటీ ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522, మనసు బాగోలేనప్పుడు మాట్లాడటానికి టెలి మానస్ 14416. ఫోన్ చచ్చిపోయి పక్క గది పిల్ల ఫోన్ అడిగినప్పుడు ఎవరి నంబరూ గుర్తు రాదు. బ్లడ్ గ్రూపు, ఏ మందు పడదో కూడా అందులోనే రాయండి, జ్వరంతో ఉన్న పిల్లని అర్ధరాత్రి తీసుకెళ్లేటప్పుడు డాక్టరు అడిగే మొదటి ప్రశ్న అదే, రూమ్‌మేట్లకి తెలియదు.

అంతస్తు సంగతి: పై అంతస్తు గది డాబా కిందదయితే ఏప్రిల్‌లో రాత్రి పదకొండింటికి కూడా స్లాబు సెగ కొడుతూనే ఉంటుంది, పరీక్షల టైములో నిద్ర ఉండదు. గ్రౌండ్ ఫ్లోర్‌లో దోమలు, చెమ్మ, కిటికీ దొంగతనాలు. దొరికితే మధ్య అంతస్తు, మెట్లకి దగ్గరగా, బాత్రూములకి మరీ ఆనుకోకుండా, పడమటి ఎండ నేరుగా పడని గది అడగండి. పేరు రిజిస్టరులో రాసేలోపే అడగాలి, తాళం చేతికిచ్చాక ఏ వార్డెనూ మార్చదు.